సరిహద్దు షరతు గారికి బహిరంగ లేఖ

కాంతి కిరణాలు చివరికి చేరే అనంతం దగ్గర కాపలా ఉద్యోగం చేస్తున్న మహారాజశ్రీ సరిహద్దు షరతు గారికి,

ఐన్‌స్టైన్ గురుత్వ సిద్ధాంతంలో, దూరం పెరిగేకొద్దీ మెట్రిక్ (స్థలకాలంలో దూరాలు కొలిచే కొలబద్ద) ఎంత వేగంగా చదునైపోవాలో చెప్పడం మీ పని. అంతవరకే. కానీ గేటు దగ్గర కుర్చీ వేస్తే ఇంటి పట్టా మీ పేరనే ఉందన్నట్టు మాట్లాడుతున్నారు. అనంతం దగ్గర ఏ సౌష్ఠవాలు (చేసినా భౌతిక నియమాలు మారని మార్పులు) మిగులుతాయని అడిగితే, "నేను లోపలికి వదిలినవి" అని మీరిచ్చే జవాబును ప్రకృతి నియమంగా అచ్చేసుకుంటున్నారు జనం.

నాలుగు డైమెన్షన్లలో (మూడు స్థలానివి, ఒకటి కాలానిది) మీరు బుద్ధిమంతులే. 1962లో బాండి, వాన్ డెర్ బర్గ్, మెట్జ్‌నర్, శాక్స్ లెక్క వేస్తే, పది జనరేటర్ల (మూల కదలికల) పాంకరే గ్రూపు, అంటే చదునైన స్థలకాలపు సౌష్ఠవాల గుంపు, రావాల్సిన చోట వారి పేర్లతోనే పిలిచే అంతులేని బీఎంఎస్ గ్రూపు వచ్చింది. ఒక్కో దిక్కుకీ ఒక్కోలా కాలాన్ని జరిపే సూపర్‌ట్రాన్స్‌లేషన్లు అందులోవే. మీరు అడ్డు చెప్పలేదు, చెప్పలేరు కూడా. అక్కడ గురుత్వ తరంగం తగ్గేది 1/దూరంగా, న్యూటన్ పొటెన్షియల్ 1/దూరంగా, సూపర్‌ట్రాన్స్‌లేషన్ కదిపేదీ 1/దూరంగానే. ముగ్గురిదీ ఒకే టికెట్టు. ఒకరిని దింపితే తరంగం కూడా దిగిపోతుంది.

ఆరు డైమెన్షన్లకు రాగానే మీ జులుం మొదలైంది. ఇక్కడ తరంగం దూరం వర్గానికి, కూలంబ్ భాగం (న్యూటన్ పొటెన్షియల్ లాంటి నిలకడ భాగం) ఘనానికి విలోమంగా తగ్గుతాయి. సూపర్‌ట్రాన్స్‌లేషన్ మాత్రం పాత 1/దూరం దగ్గరే ఉంది. తరంగం కన్నా నెమ్మదిగా తగ్గేదెవరైనా బయటే అన్నారు మీరు. దాని ఫలితం ఇదీ: సూపర్‌ట్రాన్స్‌లేషన్ ఫంక్షన్‌ను గోళం మీద రెండుసార్లు అవకలనం చేసి, ట్రేస్ (అన్ని దిక్కుల్లో సమానంగా ఉండే భాగం) తీసేస్తే సున్నా మిగలాలి. ఆ పరీక్ష నెగ్గేవి ఎల్ విలువ (గోళం మీద ఫంక్షన్ ఎంత మెలికలు తిరుగుతుందో చెప్పే అంకె) 0 ఉన్న ఒక్కటి, 1 ఉన్న ఐదు మాత్రమే, అంటే మామూలు ఆరు ట్రాన్స్‌లేషన్లు. ఎల్ విలువ 2 ఉన్న పద్నాలుగూ, ఆపైవన్నీ గెంటివేత.

ఈ తీర్పుకు భౌతిక శాస్త్రవేత్త స్టీవెన్ వైన్‌బర్గ్ ఒప్పుకోరు. 1965 నాటి ఆయన సాఫ్ట్ గ్రావిటాన్ సిద్ధాంతం (శక్తి దాదాపు సున్నా ఉన్న గురుత్వ కణం వెలువడే తీరు చెప్పేది) ఏ డైమెన్షన్‌లోనైనా చెల్లుతుంది. నాలుగింట్లో అది సూపర్‌ట్రాన్స్‌లేషన్ల వార్డ్ ఐడెంటిటీయేనని, అంటే ఆ సౌష్ఠవం వల్ల కణాల ఢీలు పాటించాల్సిన సమీకరణమేనని, తేలాక, ఆరింట్లో అదే సిద్ధాంతానికి సౌష్ఠవం లేకుండా ఎలా పోతుంది? 2015లో కేపెక్, లైసోవ్, పాస్టర్‌స్కి, స్ట్రామింజర్ మీ షరతును సడలించి, సరి డైమెన్షన్లలో వాటిని మళ్లీ లోపలికి తెచ్చారు.

అయితే మీ భయం పూర్తిగా ఉత్తది కాదు, ఒప్పుకోవాలి. ఆరింట్లో గోళం వైశాల్యం దూరం నాలుగో ఘాతంగా పెరుగుతుంది. తరంగాన్ని తరంగంతో గుణిస్తే ఆ పెరుగుదల సరిగ్గా కొట్టుకుపోయి ఫ్లక్స్ (బయటికి పోయే శక్తి ప్రవాహం) పరిమితంగా ఉంటుంది. 1/దూరం ముక్కను ఐన్‌స్టైన్ సమీకరణాలు కాలంతో మారనివ్వవు గనుక, అది తనంతట శక్తిని మోయదు. కానీ దాన్ని తరంగంతో గుణించిన పదంలో దూరం ఒక ఘాతం మిగిలి, సింప్లెక్టిక్ ఫారం (సౌష్ఠవాల చార్జీలను లెక్కగట్టేది) అనంతానికి ఉబ్బుతుంది. ఉబ్బిన ముక్కను కోసేయాలి. కోశాక మిగిలిన చార్జి (ఆ సౌష్ఠవానికి జతైన సంరక్షిత రాశి) నిజంగా సూపర్‌ట్రాన్స్‌లేషన్‌నే పుట్టిస్తోందా అని మళ్లీ సరిచూడాలి. కాలు జారేది ఇక్కడే. బిగిస్తే వైన్‌బర్గ్‌కు కోపం, వదిలితే ఫ్లక్స్‌కు కోపం: కప్పా పాము సామెత మీకోసమే పుట్టినట్టుంది.

2016లో హాలండ్స్, ఇషిబాషి, వాల్డ్ మీ పక్షాన గట్టిగానే వాదించారు: నాలుగుకు మించితే తరంగం తగ్గే ఘాతంలో మెమరీ (తరంగం పోయాక డిటెక్టర్ల మధ్య మిగిలే శాశ్వత ఎడం) సున్నా అని. నిజమే. కానీ ఆ ఎడం మాయం కాలేదు, కూలంబ్ ఘాతానికి, అంటే 1/దూరం ఘనానికి, దిగి కూర్చుంది. మీరు ఒక మెట్టు పైన వెతికి "దొరకలేదు" అని రాసుకున్నారు.

ఐదు డైమెన్షన్ల సంగతి ఎత్తితే మీరు ముఖం చాటేస్తారు. అక్కడ తరంగం దూరం ఒకటిన్నర ఘాతానికి విలోమంగా తగ్గుతుంది. అర ఘాతాలు చొరబడ్డాక, అనంతాన్ని నున్నటి అంచుగా అతికించే పద్ధతి, తరంగాలు వెదజల్లే పరిష్కారాలకు బేసి డైమెన్షన్లలో చెల్లదని 2004లోనే హాలండ్స్, వాల్డ్ చూపించారు. 2022లో ఫ్యూయెంటెల్బా, హెన్నో, మాటులిచ్, ట్రోసార్ట్ మీ గేటు దగ్గరికే రాకుండా, స్థల అనంతం (కాంతి వెంట కాక, ఒకే క్షణంలో దూరం పోతే వచ్చే అంచు) వైపు నుంచి హామిల్టోనియన్ పద్ధతిలో (శక్తి నుంచి కాలగమనాన్ని లెక్కించే పద్ధతి) వెళ్లి సూపర్‌ట్రాన్స్‌లేషన్లను పట్టుకున్నారు. దొడ్డిదారి ఉందని తమరికి తెలుసా?

ఇకనైనా గేటుకు ఒక బోర్డు తగిలించండి: ఏ ఘాతం దాకా వదిలారు, ఏ ముక్క కాలంతో మారకూడదన్నారు, ఏది కోసి పారేశారు. "సౌష్ఠవాలు ఇవే" అన్న వాక్యం దాని కింద రాయండి, పైన కాదు.

ఇట్లు,
ఎల్ విలువ 2 అయినందుకు గేటు బయట నిలబడ్డ పద్నాలుగురి తరఫున