చెప్పుల స్టాండు మీద కేసు

ప్రొద్దుటూరులో ఒక గుడి ఉంది. పేరు చెప్పను, లోపలున్న దేవునికి ఈ వ్యవహారంతో ఏ సంబంధమూ లేదు. పోయిన శనివారం ఆ గుడి ముందు నా తోలు చెప్పులు పోయాయి. పదకొండు గంటల ఎండ. తారురోడ్డు మీద నాట్యం చేసుకుంటూ ఇల్లు చేరేసరికి, బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసే మా అక్క కొడుకు వరండాలో సెల్లు చూసుకుంటూ కూర్చున్నాడు.

"మామా, నీ చెప్పులు మిక్సర్లో పడినాయి" అన్నాడు నా కాళ్ళు చూసి.

మా ఇంట్లో మిక్సీ అంటే శెనక్కాయల ఊరిబిండి, మిక్చర్ అంటే సాయంత్రం టీలోకి. వాడు చెప్పిన మిక్సర్ ఈ రెండూ కాదట. అందులో వేసి నూరేది డబ్బు పూర్వచరిత్రను.

సంగతి ఏమంటే, బిట్‌కాయిన్, ఈథర్ లాంటి క్రిప్టో నాణేల లెక్కంతా లోకానికి తెరిచిపెట్టిన ఒక ఖాతా పుస్తకంలో ఉంటుంది. అందులో పేర్లుండవు, అంకెలూ అక్షరాలూ కలిపిన చిరునామాలుంటాయి. కానీ ఫలానా చిరునామా ఫలానా సుబ్బయ్యదని ఒక్కసారి తెలిసిందా, సుబ్బయ్య మొదటి రోజు నుంచి ఎవరికి ఎంత ఇచ్చాడో, ఎంత మిగిలిందో ఎవరైనా చదువుకోవచ్చు. టీ అంగడోడికి ఆ చిరునామా నుంచి డబ్బు పంపితే, వాడు గ్లాసు కడుగుతూ మన ఆస్తి మొత్తం చూసేయొచ్చు.

ఈ మాట వినగానే నాకు ఒళ్ళు జలదరించింది. మాది ప్రొద్దుటూరు. బంగారం వ్యాపారంలో రెండో బొంబాయి అని మమ్మల్ని మేమే పొగుడుకుంటాం. ఎదురింటామె మెడలో హారం ఎన్ని తులాలో తక్కెడ లేకుండా చూపుతోనే తేల్చే ఊరు. ఇక్కడ ఖాతా పుస్తకం గోడకు అంటిస్తే పెండ్లిళ్ళు ఆగిపోతాయి, అన్నదమ్ములు విడిపోతారు, చందాల వాళ్ళు వరసలో నిలబడతారు. కాబట్టి డబ్బు దాచుకోవాలనుకునేవాడు దొంగే అయ్యుండాలన్న వాదన మా ఊళ్ళో నిలవదు. ఈథర్ నాణెం నడిచే ఈథీరియం పుట్టించిన విటాలిక్ బుటెరినే ఉక్రెయిన్‌కు సాయం పంపడానికి ఇట్లాంటి మిక్సర్ వాడానని 2022లో బయటికి చెప్పాడు. గుడికి ట్యూబులైటు ఇచ్చి, వెలుతురు కూడా బయటికి రాకుండా దాని మీద పేరు రాయించే మనకు, పేరు దాచి దానం చేసేవాడు అర్థం కాడు. అది వేరే రోగం.

"పనెట్ల చేస్తాదిరా అది?" అన్నాను.

"చెప్పుల స్టాండు అనుకో మామా. అందురూ ఒకే రకం, ఒకే సైజు హవాయి చెప్పులే వదలాల. టోకెన్ తీసుకోని పోవాల. రేపో, నెలకో వచ్చి టోకెన్ చూపిస్తే ఒక జత ఇస్తారు. నువ్వు వదిలిన జతేనా అని ఎవురూ చెప్పలేరు."

2019లో మొదలైన టోర్నడో క్యాష్ అనే మిక్సర్‌లో ఈథర్ వేయాలంటే 0.1, 1, 10, 100 అనే నాలుగు సైజులే. తోలు చెప్పులు, బూట్లు కుదరవు. ఎంతమంది వదిలితే అంత మరుగు. టోకెన్ సంగతి ఇంకా విడ్డూరం. నేనొక జత వదిలానన్న ముక్క అది రుజువు చేస్తుంది, ఏ జతో మాత్రం బయటపెట్టదు. లెక్కల పండితులు దీనికి జీరో నాలెడ్జ్ ప్రూఫ్ అని పేరు పెట్టారు. పనిచేసినట్టు రుజువుంటుంది, ఏం చేశామో ఎవరికీ తెలియదు. ముప్పై ఏండ్ల నా గవర్నమెంటు సర్వీసుకు ఇంతకన్నా మంచి పేరు నాకూ దొరకలేదు.

2020లో 1,114 మంది చేయివేసి ఈ యంత్రాన్ని బిగించాక, నడిపేవాళ్ళు దాని తాళంచెవి బావిలో పారేశారు. ఇక దాన్ని కట్టినవాడు కూడా ఆపలేడు. స్టాండుంది, స్టాండు మనిషి లేడు.

ఆ తర్వాత దొంగలు దిగారు. గుడికొచ్చే వందమందిలో పదిమంది చెప్పులు కొట్టుకొచ్చినవే అయినా, స్టాండులో పడ్డాక అన్నీ హవాయిలే కదా. ఉత్తర కొరియా సర్కారు కోసం పనిచేసే లాజరస్ ముఠా కొల్లగొట్టిన 45.5 కోట్ల డాలర్లు ఇందులోంచే పోయాయని, మొత్తం మీద 700 కోట్ల డాలర్లకు పైగా ఇక్కడ ఉతికారని చెప్పి అమెరికా ఖజానా శాఖ 2022 ఆగస్టు 8న స్టాండును ఆంక్షల జాబితాకెక్కించి వెలివేసింది. ఆ జాబితాలో మనుషులుంటారు, కంపెనీలుంటాయి, ఓడలుంటాయి. ఈసారి ప్రోగ్రాం చేరింది. ఆ స్టాండు చెప్పులు ముట్టుకున్న అమెరికావాడికి శిక్ష అన్నారు. అనడమే ఆలస్యం, ఎవడో కొంటెవాడు ఆ స్టాండు నుంచి పేరున్న వాళ్ళ చిరునామాలకు తలా 0.1 ఈథర్ పంపడం మొదలుపెట్టాడు. పొద్దున తలుపు తీసేసరికి గుమ్మం ముందు వెలివేసిన చెప్పులు. వద్దనడానికి లేదు, ఆ పుస్తకంలో వచ్చిన డబ్బును తలుపు దగ్గరే ఆపే వీలుండదు. ఫ్యాక్షన్ రోజుల్లో పగవాడి గడ్డివాములో నాటుబాంబు పెట్టి పోలీసులకు కబురు పెట్టే తెలివి మా సీమకే సొంతమనుకున్నాను.

మనకూ తగిలింది. 2024 జులై 18న మన దేశపు క్రిప్టో అంగడి వజీర్‌ఎక్స్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల సొత్తు కొట్టేశారు. అందులో చాలా భాగం చేరింది ఈ స్టాండుకే. అది ఉత్తర కొరియా వాళ్ళ పనేనని మరుసటి జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా కలిసి ప్రకటించాయి. కాబట్టి మిక్సర్ పాపం ఎరగని పసిబిడ్డ అని నేననను. పోగొట్టుకున్నవాళ్ళలో జీతం రాళ్ళు కూడబెట్టుకున్న పిల్లలున్నారు.

అయితే నేరం ఎవరిది? ఇక్కడే న్యాయశాస్త్రం చెప్పుల్లేకుండా ఎండలో నడిచింది. స్టాండు కట్టిన ముగ్గురిలో ఒకడైన అలెక్సీ పెర్ట్‌సెవ్‌కు నెదర్లాండ్స్ కోర్టు 2024 మేలో 64 నెలల జైలు వేసింది, దొంగలొస్తారని తెలిసీ కట్టావని. అదే ఏడాది నవంబరులో అమెరికాలోని ఒక అప్పీలు కోర్టు, ఎవరూ మార్చలేని ప్రోగ్రాం ఎవరి ఆస్తీ కాదు, ఆస్తి కానిదాన్ని వెలివేసే అధికారం ఖజానా శాఖకు లేదు పొమ్మంది. 2025 మార్చిలో వెలి ఎత్తేశారు. హమ్మయ్య అనుకునేలోగా ఆగస్టులో న్యూయార్కు జ్యూరీ, కట్టినవాళ్ళలో ఇంకొకడైన రోమన్ స్టార్మ్‌ను లైసెన్సు లేకుండా డబ్బు చేరవేసే వ్యాపారానికి కుట్ర పన్నావని దోషిని చేసింది. డబ్బు ఉతికాడా, ఆంక్షలు మీరాడా అన్న రెండింటి మీద మాత్రం జ్యూరీకే పొత్తు కుదరలేదు. తీర్పులనే మిక్సర్లో వేసి తీసినట్టుంది.

బిట్‌కాయిన్ ఫాగ్ అనే ఇంకో మిక్సర్ నడిపాడని రోమన్ స్టెర్లింగోవ్‌కు పడిన పన్నెండున్నరేండ్ల గురించి నాకు పేచీ లేదు. అక్కడ చెప్పులు వాళ్ళ చేతికే ఇచ్చేవాళ్ళు, కమీషను వాళ్ళే కోసుకునేవాళ్ళు. దాన్ని స్టాండు అనరు, దొంగసొత్తు అంగడి అంటారు.

మన దేశంలో ఎట్లా? మిక్సర్ అన్న మాట పెట్టి నిషేధించిన చట్టం లేదు. 2002 నాటి మనీలాండరింగ్ చట్టం ఉంది. నేరం చేసి సంపాదించిన సొత్తును దాచినా, దగ్గర పెట్టుకున్నా, వాడుకున్నా, మడికట్టుకున్న సొత్తని చూపినా నేరమే. తెలిసి సాయపడినవాడికీ వాటా ఉంది. 2023 మార్చి 7న క్రిప్టో మార్చేవాళ్ళను, చేరవేసేవాళ్ళను, భద్రపరిచేవాళ్ళను ఆ చట్టం కిందికి తెచ్చారు. ఖాతాదారు ఎవరో తెలుసుకోవాలి, లెక్కలు రాసిపెట్టుకోవాలి, అనుమానమొస్తే పైకి చెప్పాలి. ముఖం చూడకూడదన్నదే మూల సిద్ధాంతమైన స్టాండు ఆధార్ కార్డు అడగాలన్నమాట. ఈలోగా 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, జులై నుంచి అమ్మినప్పుడల్లా 1 శాతం టీడీఎస్. నష్టమొస్తే ఇంకో లాభంలో సర్దుకోవడానికి లేదు. పన్ను కట్టినంత మాత్రాన అది చట్టబద్ధమని అనుకోవద్దన్నారు. దేవుడున్నాడో లేడో చెప్పం, హుండీ మాత్రం ఇక్కడుంది.

ఇంత దూరం చదివాక నాకు ఒక్కటే బాధ. మిక్సర్ కనిపెట్టింది మేమైతే పేరు పరాయివాళ్ళు కొట్టేశారు. అగసాలి మూసలో పది ఇండ్ల గొలుసులు వేసి కరిగిస్తే వచ్చే బిస్కెట్టు ఏ ఇంటి కోడలిదో చెప్పమనండి. ఒకేసారి రెండు లక్షలు, అంతకు పైన నగదు తీసుకోకూడదని 2017లో చట్టం వచ్చింది. అప్పటినుంచి దేశమంతా 1,99,000 అనే అంకె మీద పుట్టిన భక్తి ఏ ఉగాదికీ ఏ దేవుని మీదా పుట్టలేదు. పెండ్లి చదివింపులకు పన్ను లేదు కాబట్టి, పెద్దింటి పెండ్లిలో విస్తరి ముందు కూర్చోనివాళ్ళు కూడా చదివింపుల పుస్తకంలో కూర్చుంటారు.

వీటన్నిటికీ తాతలాంటిది ఇంకొకటుంది. సేద్యం మీద వచ్చే ఆదాయానికి కేంద్రం ఆదాయపు పన్ను వేయదు. పక్కనున్న అనంతపురం జిల్లాకు ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లు. వేయి అడుగులు దించినా బోరు దగ్గి ఊరుకుంటుంది. నిజంగా దున్నేవాడు పంటరుణం కోసం పాసుపుస్తకం పట్టుకుని బ్యాంకు మెట్ల మీద కూర్చుంటాడు. కానీ కాగితం మీద కొందరు పెద్దమనుషుల చేలు మాత్రం ఏ కరువులోనూ తప్పకుండా పండుతాయి, అదీ లక్షల్లో. ఈ మిక్సర్‌కు ఇంటర్నెట్ అక్కరలేదు, వాన కూడా అక్కరలేదు. దీన్ని కట్టినవాడెవడని ఏ దేశం కోర్టూ ఎవరినీ బోనెక్కించలేదు.

మా అల్లుడు ఆదివారం బస్సెక్కాడు. నేను ఈ శనివారం మళ్ళీ ఆ గుడికి పోయాను, ముందుజాగ్రత్తగా బాత్రూం హవాయిలు వేసుకుని. దర్శనం చేసుకుని వచ్చి చూస్తే అవీ లేవు. వాటి చోట, దాదాపు నా సైజే, నా పాత తోలు చెప్పులకన్నా కొత్త జత ఒకటుంది. పావుగంట చూశాను, ఎవరూ రాలేదు. ఎండ చూస్తే మాడుతోంది. దగ్గర పెట్టుకోవడం, వాడుకోవడం, మడికట్టుకున్న సొత్తని చూపడం, చట్టంలోని క్రియలన్నీ వరసగా గుర్తొచ్చాయి. వేసుకున్నాను.

గడప దాటకముందే మా ఆవిడ కాళ్ళ వైపు చూసింది.

"ఈ చెప్పులు యాడివి?"

"చేలో పండినాయి" అన్నాను.