నవోదయ సీటు: పరీక్ష హాలుకు వెళ్లకముందే తేలిపోయే అవకాశం

ఐదో తరగతి పిల్లలున్న పల్లె ఇళ్లలో ఏటా వినిపించే ప్రశ్నే ఇది: "మావాడికి నవోదయ వస్తుందంటారా?" కేంద్ర ప్రభుత్వం నడిపే ఆ ఆశ్రమ పాఠశాలలో ఆరో తరగతి సీటు కోసం పిల్లలు పరీక్ష రాయాలి. బడిలో సారును అడుగుతారు, కోచింగ్ వాళ్లను అడుగుతారు, పోయినేడాది సీటొచ్చిన పిల్లల తల్లిదండ్రులను అడుగుతారు. చాలాసార్లు దొరికే జవాబు ఒక అంకె. వందకు ఇన్ని మార్కులు దాటితే ఖాయం అంటారు. ఆ అంకెను నేను నమ్మను. కటాఫ్, అంటే సీటు దక్కిన చివరి మార్కు, జిల్లా జిల్లాకూ మారుతుంది, కేటగిరీని బట్టీ మారుతుంది. పిల్లవాడి అవకాశాన్ని చాలామటుకు ముందే తేల్చేసేవి వేరే ఉన్నాయి. వాడు ఏ జిల్లాలో ఉన్నాడు, మూడో తరగతి ఏ ఊళ్లో చదివాడు, పరీక్షలో వచ్చే రకం ప్రశ్నలను ఎవరైనా పక్కన కూర్చోబెట్టుకుని చూపించారా అన్నవి. వాడి తెలివి లెక్కకొచ్చేది వీటి తర్వాతే.

ముందు సీట్ల సంగతి. ఒక్కో జవహర్ నవోదయ విద్యాలయంలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 మందిని తీసుకుంటారు. ఏ జిల్లా పిల్లలు ఆ జిల్లా విద్యాలయానికే పోటీ పడాలి. తెలంగాణలో 2016లో జిల్లాలు పెరిగినా 2024 దాకా నవోదయలు మాత్రం పాత లెక్కనే తొమ్మిది ఉండేవి. కాగజ్‌నగర్, నిజాంసాగర్, చొప్పదండి, వర్గల్, మామునూరు, పాలేరు, చలకుర్తి, వట్టెం, గోపన్‌పల్లి. అప్పట్లో రాష్ట్రమంతటికీ కలిపి ఏడాదికి 720 సీట్లే. 2024 డిసెంబరులో కేంద్ర క్యాబినెట్ దేశం మొత్తమ్మీద 28 కొత్త నవోదయలకు ఒప్పుకుంటే అందులో ఏడు తెలంగాణకు వచ్చాయి. ఒక పిల్లవాడు రెండేళ్లు రాత్రింబవళ్లు చదివినా పెరగనంత అవకాశం జిల్లాకు కొత్త విద్యాలయం వస్తే పెరుగుతుంది. ఎన్నికలప్పుడు ఓటరు అడగాల్సిన వాటిలో ఇదీ ఒకటని నా అభిప్రాయం.

ఈ 80లో కనీసం 75 శాతం, అంటే 60 సీట్లు, గ్రామీణ విద్యార్థులవి. మూడో వంతు ఆడపిల్లలకు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగుల రిజర్వేషన్లు వీటిలోనే కలిసి ఉంటాయి. గ్రామీణ కోటా చాలా మంచి నిబంధన. కానీ దాని లోతు తల్లిదండ్రులకు ఆలస్యంగా తెలుస్తోంది. మూడు, నాలుగు, ఐదు తరగతులు మూడూ పల్లె బడిలోనే చదివి ఉండాలి. మధ్యలో కొంతకాలం పట్టణంలో చదివినా ఆ పిల్లను పట్టణ అభ్యర్థిగానే లెక్కగడతారు. పాలమూరు నుంచి హైదరాబాద్‌కు కూలికి వలసపోయిన కుటుంబం పిల్లను నాలుగో తరగతిలో అక్కడి బస్తీ బడిలో వేసి, మరుసటేడు ఊరికి తీసుకొచ్చిందనుకోండి. ఆ పిల్ల ఇక 60 సీట్ల వరసలో లేదు. మిగిలిన 20 కోసం పట్టణపు ప్రైవేటు బడి పిల్లలతో తలపడాలి. ఎవరి కోసం కోటా పెట్టారో ఆ పిల్లే కోటా బయటికి పోతోంది. ఇంకోపక్క పేరు పల్లె బడి రిజిస్టరులో, పిల్లవాడు పట్నం కోచింగ్ హాస్టల్లో ఉండే సంగతి చాలా ఊళ్లలో బహిరంగ రహస్యమే. వలస కుటుంబాలకు మినహాయింపు, దొంగ హాజరుకు గట్టి తనిఖీ, ఈ రెండూ వెంటనే రావాలి.

ఇక పరీక్ష. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. గణితం 20 ప్రశ్నలు, భాష 20, మిగతా 40 మెంటల్ ఎబిలిటీ, అంటే బొమ్మలు చూసి ఆలోచించి చెప్పే ప్రశ్నలు. అంటే సగం మార్కులు బొమ్మల మీదే. ఇందులో ఒక మంచి ఆలోచన ఉంది. పాఠ్యపుస్తకంతో, ఇంగ్లీషుతో, ఇంట్లో చదువుకున్నవాళ్లు ఉన్నారా లేదా అన్నదానితో పని లేకుండా పిల్లవాడి బుర్రను బుర్రగా చూడాలని. నలభయ్యేళ్ల కిందట అది సబబే. ఇప్పుడు ఆ నలభై ప్రశ్నలే సాధనకు అన్నిటికన్నా తొందరగా లొంగుతున్నాయి. ఒక చదరపు కాగితం బొమ్మ ఇస్తారు. దాన్ని మడిచి, మళ్లీ మడిచి, ఒక మూలన చిల్లు పొడిచినట్టు చూపిస్తారు. విప్పితే చిల్లులు ఎక్కడెక్కడ ఉంటాయో నాలుగు బొమ్మల్లోంచి గుర్తుపట్టాలి. ఇలాంటివి రెండు వందలు చేసిన పిల్లవాడు చూడగానే జవాబు పెడతాడు. మొదటిసారి చూస్తున్న పిల్లకు ప్రశ్న ఏమడుగుతోందో అర్థం కావడానికే ఒకటిన్నర నిమిషం పోతుంది. ఒక్కో ప్రశ్నకు దక్కే సమయం సరిగ్గా అంతే.

దానికి తోడు ఓఎంఆర్ షీటు, అంటే గుండ్రాలు నింపితే యంత్రం దిద్దే జవాబు కాగితం. పదేళ్ల పిల్ల చేతిలో బాల్‌పెన్ను, ఒకసారి నింపిన గుండ్రాన్ని మార్చడానికి లేదు. 23వ ప్రశ్న వదిలేసి 24 జవాబును 23 గడిలో దిద్దితే, అక్కణ్నుంచి కిందిదాకా అన్నీ ఒక గడి జరిగిపోతాయి. తప్పు జవాబుకు మార్కు కోత లేదన్న సంగతి చెప్పేవాళ్లు లేక, తెలియనివన్నీ ఖాళీగా వదిలేసి వచ్చే పిల్లలూ ఉంటారు. ఈ పరీక్షను తెలుగులోనే రాయొచ్చు. ఇంట్లో, బడిలో తెలుగే మాట్లాడే పిల్ల చేత గొప్పకోసం ఇంగ్లీషులో రాయించడం నా దృష్టిలో అన్యాయం. పేరాలు చదివి జవాబివ్వాల్సిన ఇరవై ప్రశ్నల్లోనూ, మాటల్లో ఇచ్చే లెక్కల్లోనూ ఆ పిల్ల చేజేతులా నష్టపోతుంది.

అన్నిటికంటే నన్ను బాధించేది రెండో ప్రయత్నం లేకపోవడం. ఆరో తరగతి ప్రవేశానికి ఒక్కసారే. ఐఏఎస్‌కు, నీట్‌కు మళ్లీ మళ్లీ రాయనిచ్చే దేశం పదేళ్ల పసివాడికి జ్వరమొచ్చిన రోజును క్షమించడం లేదు. తొమ్మిదిలో, పదకొండులో ఖాళీలకు పరీక్ష ఉంది గానీ అవి కొద్దిపాటి సీట్లే. పైగా తొమ్మిదో తరగతి పరీక్షలో హిందీకి 15 మార్కులు ఉన్నాయి.

కాబట్టి నవోదయ ఒక్కదాని మీదే ఆశంతా పెట్టుకోవద్దని తల్లిదండ్రులకు చెబుతాను. తెలంగాణ గురుకులాల ఉమ్మడి ప్రవేశ పరీక్షతో ఐదో తరగతిలో దాదాపు 50 వేల సీట్లు నిండుతాయి. అక్కడ మెంటల్ ఎబిలిటీకి 10 మార్కులే, మిగిలిన 90 నాలుగో తరగతి దాకా చదివిన తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానానికి. బడిలో శ్రద్ధగా చదివిన పిల్లకు ఇది సరైన దారి. ఆంధ్రప్రదేశ్‌లోనూ గురుకులాలు ఉన్నాయి, కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్లు ఉన్నాయి. సైనిక్ పరీక్షలో 300కు 150 మార్కులు లెక్కలవే, ఫీజు బరువూ ఎక్కువే. గురుకులం తక్కువరకం అనుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. 1971లో సర్వేల్‌లో మొదటి గురుకులాన్ని తెరిపించిన ముఖ్యమంత్రి పి.వి.నరసింహారావు. నవోదయలు మొదలైన రోజుల్లో కేంద్రంలో మానవ వనరుల శాఖ మంత్రి కూడా ఆయనే.

ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల చేయగలిగింది చాలా ఉంది. నాలుగో తరగతి నుంచి వారానికి రెండు పీరియడ్లు చాలు. పాత పేపరు మడిచి చిల్లు పొడిచి విప్పి చూపించొచ్చు, చేతి అద్దం పెట్టి ప్రతిబింబాలు నేర్పొచ్చు, జిరాక్సు ఓఎంఆర్ కాగితాల మీద గుండ్రాలు దిద్దించొచ్చు. దరఖాస్తుకు రుసుం లేదు, ముఖ్యంగా కావాల్సింది ప్రధానోపాధ్యాయుడి ధ్రువీకరణ పత్రం. ఐదో తరగతి పిల్లల్లో ఎందరికి ఆ పత్రం ఇచ్చారు, ఇవ్వనివాళ్లకు ఎందుకు ఇవ్వలేదు అని మండల విద్యాధికారి ప్రతి బడినీ అడిగి రాసుకోవాలి. దరఖాస్తు గడువు ముగియడానికి వారం ముందే ఆ జాబితా కలెక్టరు బల్ల మీద ఉండాలి.