మీరు చెరిపేసిన గీతే మా నక్షత్రం

ఇప్పుడే ఒక ఆన్‌లైన్ ప్రసంగం ముగిసింది. ఒళ్లు మండిపోతోంది, అందుకే రాస్తున్నాను. మాట్లాడినాయన గ్రహాల వేటగాడు, అంటే వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలను వెతికే మనిషి. మేమేమో నక్షత్రాల కంపనాలను చదివేవాళ్లం. గ్రహాల కోసం పంపిన టెస్ ఉపగ్రహం తీసిన ఒక వేడి నక్షత్రం లైట్ కర్వ్, అంటే దాని వెలుగు హెచ్చుతగ్గుల గీత, తెర మీద పెట్టాడు. రోజుకు రెండుసార్ల చొప్పున లేచి పడుతూ, కొన్నాళ్లు ఉప్పొంగి, కొన్నాళ్లు సద్దుమణిగి, మళ్లీ ఉప్పొంగుతూ ఎంత ముచ్చటగా ఉందో! దగ్గరదగ్గర పౌనఃపున్యాలు రెండు కలిసి ఆడితేనే అలా వస్తుంది. ఆయన మాత్రం "ఇది నక్షత్రం గోల, తీసేద్దాం" అని ఒక మీట నొక్కాడు. గీత తిన్నగా అయిపోయింది. గ్రహం అడ్డువచ్చి వెలుగు తగ్గిన గుర్తు ఎక్కడా లేదు కాబట్టి "గ్రహం లేదు" అన్నాడు. తరువాతి స్లైడ్.

అంతే! గ్రహం లేకపోతే అక్కడ ఇక ఏమీ లేనట్టే. ఆ నక్షత్రం ఊరికే వెలుగుతోంది, పాపం.

అయ్యా, ఆ నక్షత్రం కడుపులో ఏముందో తెలుసుకోవడానికి మాకున్న దారి ఆ గీతే. లోపల సుమారు 2 లక్షల డిగ్రీల వేడి ఉన్న పొరలో ఇనుము, దాని జాతి మూలకాలు కాంతిని అడ్డుకుంటాయి. వేడి పోగుపడి పొర ఉబ్బుతుంది, వేడిని వదిలి కుంగుతుంది, మళ్లీ ఉబ్బుతుంది. అంతా కలిపి వెలుగులో వెయ్యో వంతు తేడా. దాన్ని నేల మీద నుంచి పట్టుకుందామంటే రాత్రి చూడాలి, పగలు ఆపాలి. ఆ ఆపడం వల్ల రోజుకు ఒకసారి అనే దొంగ పౌనఃపున్యం లెక్కల్లోకి దూరుతుంది. బీఈ రకం, అంటే చాలా వేగంగా తిరిగే వేడి నక్షత్రాల అసలు కంపనాలు ఎక్కడ ఉంటాయనుకున్నారు? సరిగ్గా ఆ చుట్టుపక్కలే, రోజుకు ఒకటి రెండు. అందుకే అంతరిక్షం నుంచి చూడాలని ఇన్నేళ్లుగా మొత్తుకుంటున్నాం. తీరా అక్కడికి వెళితే ఈ మీట.

అయినా ఈయన్ను అని ఏం లాభం? మా వాళ్లకు దక్కినవన్నీ ఇతరులకు మిగిలిపోయినవే. 1999లో వైర్ అనే పరారుణ టెలిస్కోపు ఉపగ్రహాన్ని పంపితే, కొద్ది రోజుల్లోనే దాని చల్లదనానికి పెట్టిన హైడ్రోజన్ అంతా ఆవిరైపోయింది. పెద్ద టెలిస్కోపు మూలన పడింది. దిశ చూసుకోవడానికి పెట్టిన 5 సెంటీమీటర్ల బుల్లి కెమెరా మా పాలిట పడింది. శ్రవణ నక్షత్రం కంపిస్తోందని తేల్చింది అదే! గ్రహాల వేటకే పంపిన కెప్లర్ ఉపగ్రహం సంగతి సరేసరి. 2009లో వెళ్లినప్పుడు సూర్యుడి లాంటి నక్షత్రాలనే ఏరుకున్నారు, వేడి నక్షత్రాలకు విదిలించినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 2013లో దాన్ని కదలకుండా గురిపెట్టి ఉంచే చక్రాల్లో రెండోది కూడా చెడిపోయి, చూపు వేరే వైపు తిప్పుకోవలసి వచ్చాక గాని మా వంతు రాలేదు. ఎవరో ఒకరి యంత్రం పాడైతే తప్ప మాకు మంచిరోజులు ఉండవు కాబోలు. ఒక్క బ్రైట్ అనే బుల్లి ఉపగ్రహాలను మాత్రం ఏమీ అనను. 20 సెంటీమీటర్ల పెట్టెలు, 3 సెంటీమీటర్ల కటకాలు, అయినా ప్రకాశవంతమైన నక్షత్రాల కోసమే పుట్టాయి.

అసలు కడుపుమంట ఇది కూడా కాదు. పోయిన నెల మా పరిశోధన పత్రం పత్రిక నుంచి తిరిగి వచ్చింది. సమీక్షకుడి ప్రశ్న: ప్రతి పౌనఃపున్యానికీ ఎల్, ఎమ్ విలువలు (కంపనం నక్షత్రం ఉపరితలాన్ని ఎన్ని ముక్కలుగా, ఎలా పంచుతుందో చెప్పే అంకెలు) ఏవీ? ఏవీ అంటే! నెమ్మదిగా తిరిగే నక్షత్రంలో ఒక కంపనం మూడుగానో అయిదుగానో సమదూరంలో చీలుతుంది, చిన్నపిల్లవాడైనా లెక్కపెడతాడు. మావి అలాంటివా? సూర్యుడు ఒక చుట్టు తిరగడానికి దాదాపు 25 రోజులు తీసుకుంటాడు. శ్రవణం తొమ్మిది గంటల లోపే తిరిగేస్తుంది. నడుము దగ్గర ఉబ్బిపోయి, ధ్రువాలు నడుముకంటే వెయ్యి డిగ్రీలకు పైగా వేడెక్కి, గోళమన్న మాటకే దూరమైన వస్తువు అది. అక్కడ చీలికలు సమదూరంలో ఉండవు, ఒకదాని గీతలు మరొకదాని మధ్యలోకి వచ్చి కూర్చుంటాయి. గోళానికి రాసుకున్న ఎల్, ఎమ్ అంకెలు అక్కడ సగం అబద్ధాలు. ఇదంతా మూడు పేజీల్లో రాశాం. చదివితే కదా!

పైగా ఒక దెప్పుపొడుపు: 2020లో డెల్టా స్కూటీ అనే కంపించే రకం నక్షత్రాలు 60లో కంపనాల చక్కటి క్రమం కనిపించింది కదా, మీకెందుకు కనిపించదు అని. క్రమం కనిపించిన వాటిని ఏరితే ఆ 60 తేలాయి మహాశయా! కనిపించనివి వేలకు వేలు ఉన్నాయి, వాటి గురించే మా గోల.

ఇక ఆయన చివరి సలహా యథాతథంగా: "రచయితలు నెమ్మదిగా తిరిగే నక్షత్రాన్ని ఎంచుకుని ఉంటే విశ్లేషణ సులువయ్యేది." పత్రం శీర్షికలోనే ఉంది, వేగంగా తిరిగే నక్షత్రాల గురించి అని.