కొవిడ్ కేసు షీట్లను చదవాలి

వరంగల్ ఎంజీఎంలో, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పెద్దాసుపత్రుల్లో 2020, 2021లో కొవిడ్‌తో చేరిన రోగుల పేరున కేసు షీట్లు తయారయ్యాయి. జ్వరం వచ్చిన ఎన్నో రోజుకు ఆసుపత్రికి చేరారు, వచ్చేసరికి ఆక్సిజన్ ఎంత ఉంది, షుగర్ ఎంత, ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టారు, చివరికి ఇంటికి వెళ్లారా లేదా అన్నవి రాసుకునే చోటు అదే. ఆ కాగితాలను వెంటనే భద్రపరచాలని, వాటిపై పద్ధతి ప్రకారం పరిశోధన జరిపించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాం.

ఈ జబ్బు గురించి ప్రపంచానికి మొదట తెలిసిన సంగతులు ఇలాంటి కాగితాల నుంచే వచ్చాయి. వూహాన్‌లో 2020 జనవరి 2 నాటికి ఆసుపత్రిలో చేరిన 41 మంది వివరాలను అక్కడి డాక్టర్లు అదే నెల 24న లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. వారిలో 27 మందికి హువానన్ చేపల మార్కెట్‌తో సంబంధం ఉంది. దాదాపు అందరికీ జ్వరం, నాలుగింట మూడొంతుల మందికి దగ్గు. 13 మందిని ఐసీయూలో పెట్టాల్సి వచ్చింది, ఆరుగురు చనిపోయారు. ఆయాసం సగటున ఎనిమిదో రోజుకు మొదలవుతోందని కూడా ఆ వ్యాసమే చెప్పింది. మొదటి వారం బాగానే ఉన్నాడనుకున్న మనిషికి రెండో వారంలో ఊపిరి అందకపోవడం ఆ తర్వాత మన ఊళ్లలో ఎన్ని ఇళ్లు చూశాయో! వ్యాసం వచ్చిన రెండు వారాలకే మేడారంలో సమ్మక్క సారలమ్మల జాతర జరిగింది. రాష్ట్రంలో తొలి కేసు బయటపడింది మార్చి 2న.

41 మంది లెక్కతో జబ్బు మొత్తం అర్థం కాదు. వాళ్లంతా ఆసుపత్రికి రాక తప్పని స్థితిలో వచ్చినవాళ్లు. అందుకే వందకు 15 మంది చనిపోయారన్న ఆ లెక్కను సోకినవాళ్లందరికీ వర్తింపజేయకూడదు. వాసన తెలియకపోవడం ఆ లక్షణాల పట్టికలోనే లేదు. ఫిబ్రవరి చివర్లో చైనా డాక్టర్లు 1,099 మంది రోగుల వివరాలు ప్రకటించాక ఇంకో సంగతి తేలింది. ఆసుపత్రిలో చేరేనాటికి సగానికి పైగా రోగులకు జ్వరమే లేదు. ఆఫీసు గేటు దగ్గర నుదుటికి థర్మల్ గన్ పెట్టి లోపలికి పంపడం ఎంత బలహీనమైన కాపలానో ఆ ఒక్క అంకె చెబుతోంది. మొదటి పరిశోధన అసంపూర్తిగానే ఉంటుంది. దాన్ని సరిదిద్దేది తర్వాతి పరిశోధన.

మందుల విషయంలో ఈ దిద్దుబాటు ప్రాణాలతో ముడిపడింది. ఏ మందు ఎవరికివ్వాలో చీటీ వేసినట్టు నిర్ణయించి, రెండు గుంపులనూ పోల్చి చూస్తే తప్ప అది నిజంగా పనిచేసిందో లేదో తెలియదు. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ అలాగే నడిచింది. డెక్సామెథసోన్ అనే చవకైన స్టెరాయిడ్ వెంటిలేటర్ మీదున్నవారి మరణాలను మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవారి మరణాలను ఐదో వంతు తగ్గించిందని 2020 జూన్‌లో ప్రకటించింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం ఏ మేలూ కనిపించలేదని అప్పుడే చెప్పింది. మొదటి వారం శరీరం వైరస్‌తో పోరాడుతుంటుంది, స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే అణచివేస్తుంది. రెండో వారంలో అదుపు తప్పిన రోగనిరోధక శక్తి ఊపిరితిత్తులను దెబ్బతీస్తున్నప్పుడు అదే మందు కాపాడుతుంది. ఇంత ముఖ్యమైన తేడా మన ఊళ్లకు చేరలేదు. సెకండ్ వేవ్‌లో జ్వరం వచ్చిన రెండో రోజే స్టెరాయిడ్ మింగినవాళ్లు ఎందరో. ఆర్‌ఎంపీ ఇచ్చినవి కొన్ని, వాట్సాప్‌లో వచ్చిన చీటీ చూపించి మెడికల్ షాపులో కొన్నవి కొన్ని. షుగర్ ఉన్నవాళ్లలో అది ఇంకా పెరిగి, బ్లాక్ ఫంగస్‌కు దారి తీసింది. 2021 మేలో రాష్ట్రం ఆ జబ్బును తప్పనిసరిగా రిపోర్టు చేయాల్సిన వ్యాధిగా ప్రకటించాల్సి వచ్చింది.

కొవిడ్ నుంచి కోలుకున్నవారి రక్తం నుంచి తీసి రోగికి ఎక్కించే ప్లాస్మా సంగతీ ఇంతే. దేశంలోని 39 ఆసుపత్రుల్లో 464 మందిపై భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జరిపిన ట్రయల్‌లో ప్లాస్మా వల్ల మరణాలు తగ్గలేదని 2020లోనే తేలింది. అయినా 2021 ఏప్రిల్‌లో ప్లాస్మా దాతల కోసం, రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ల కోసం జనం అప్పులు చేసి తిరిగారు. అడ్డగోలు రేట్లకు కొన్నారు. మార్గదర్శకాల్లోంచి ప్లాస్మాను తీసేసింది ఆ మే నెలలో. అప్పటికే ఎన్నో కుటుంబాలు నష్టపోయాయి.

అయితే వూహాన్ వ్యాసమో, బ్రిటన్ ట్రయలో ఉత్తర తెలంగాణ రోగి గురించి అంతా చెప్పలేవు. కోరుట్లలో ముప్పై ఏళ్లుగా పొగాకు దుమ్ములో బీడీలు చుట్టిన ఆడమనిషి ఊపిరితిత్తులు ఈ వైరస్‌ను ఎలా తట్టుకున్నాయి? గోదావరిఖని, భూపాలపల్లి బొగ్గుబాయి కార్మికులకు, సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మధ్య బతికేవాళ్లకు ఏమైంది? ఆదిలాబాద్ ఏజెన్సీలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉన్నవాళ్లకు ముప్పు ఎంత పెరిగింది? ఇవి మన ప్రశ్నలు. వీటికి జవాబు వెతకడం మొదలుపెట్టాల్సింది మన ఆసుపత్రుల రికార్డు గదుల్లోనే. కేసు షీట్ల అధ్యయనం ఒక మందు పనిచేస్తుందని రుజువు చేయలేదు, నిజమే. ఎవరు ఎక్కువ ప్రమాదంలో పడ్డారో, ఎంత ఆలస్యంగా ఆసుపత్రికి చేరారో మాత్రం చూపించగలదు. రేపు మరో వైరస్ వస్తే ముందు ఏ ఊరికి అంబులెన్స్ పంపాలో తెలియాలంటే అదే ఆధారం.

పరిశోధన అనగానే మన జనానికి భయం ఉంది, కారణం లేకుండా కాదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో వేలాది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనం పేరిట సూదులు వేశారు. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారని బయటపడింది. 2010లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ తప్పు మళ్లీ జరగకూడదు. కేసు షీట్లలోంచి పేరు, ఊరు, ఫోన్ నంబరు తీసేశాకే పరిశోధకుల చేతికివ్వాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. కొత్తగా ఎవరి మీదైనా ట్రయల్ జరిపితే సమ్మతి పత్రం చదివి వినిపించాలి. తెలుగులో సరే, అవసరమైన చోట గోండీలో, ఉర్దూలో కూడా.

ఈ పనికి మనుషులు లేరన్న సాకు చెల్లదు. వరంగల్‌లోనే కాళోజీ పేరిట ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది, 1959 నుంచి కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది. 2022, 2023లో మంచిర్యాల, రామగుండం, జగిత్యాల, మహబూబాబాద్, భూపాలపల్లి, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో కొత్త కాలేజీలు వచ్చాయి. పీజీ చేసే ప్రతి డాక్టరూ థీసిస్ రాయాల్సిందే. ఆ థీసిస్‌లలో కొన్నింటిని విశ్వవిద్యాలయం ఈ కేసు షీట్లకు కేటాయించాలి. రాత్రంతా డ్యూటీ చేసిన పీజీ మీదే ఈ బరువంతా వేయకుండా, ప్రతి కాలేజీకీ ఒక గణాంక నిపుణుడిని, డేటా ఎంట్రీకి సిబ్బందిని ఇవ్వాలి. ఆసుపత్రి భవనం కట్టే ఖర్చులో ఇది ఏ మూలకు?

ముందుగా జరగాల్సింది మాత్రం ఒకటుంది. వైద్య మండలి నిబంధనల ప్రకారం డాక్టర్లు రికార్డులు దాచాల్సిన గడువు 3 ఏళ్లే. 2021 మేలో చేరిన రోగుల విషయంలో ఆ గడువు 2024లోనే దాటిపోయింది. కొవిడ్ కేసు షీట్లలో ఒక్కదాన్నీ పారేయకూడదని, అన్నింటినీ స్కాన్ చేయించాలని వైద్య ఆరోగ్య శాఖ ఈ నెలలోనే ఉత్తర్వు ఇవ్వాలి.