వేడి చేసినా వదలని విషం

కోనసీమలో పెళ్లి వంటలు జరిగే పాకలోకి తెల్లవారుజామున వెళ్తే, రాత్రి గంజి వార్చిన అన్నాన్ని ఈతచాపల మీద తెల్లగుడ్డ పరిచి గుట్టగా పోసి ఉంచడం కనిపిస్తుంది. పైపొర చల్లారి పొడిపొడిగా ఉన్నా, గుట్ట మధ్యకు చెయ్యి పోనిస్తే ఇంకా గోరువెచ్చని చెమ్మ తగులుతుంది. పొద్దుటి పులిహోర కలిపేది ఆ అన్నంతోనే. ఎక్కడైనా వాంతులైతే నూనెనో, నీళ్లనో, వంటవాళ్ల చేతులనో అనుమానిస్తాం గానీ ఈ గోరువెచ్చదనం గురించి ఎవరూ అడగరు.

బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా మట్టిలో ఉండేదే కనుక వరిగింజతోపాటు వంటింటికి వస్తుంది. అన్నం ఉడికేటప్పుడు దాని మామూలు కణాలు చచ్చినా, గట్టి పెంకులో నిద్రాణంగా ఉండే స్పోర్లు బతికిపోయి, అన్నం గోరువెచ్చబడగానే మొలకెత్తుతాయి. అయితే మొలకెత్తిన ప్రతి రకానికీ వాంతులు తెప్పించే విషం చేయడం చేతకాదు. అది సుమారు 2,70,000 బేస్ జతల (డీఎన్ఏ అక్షరాల జతల) పొడవున్న ఒక ప్లాస్మిడ్, అంటే క్రోమోజోముతో కలవకుండా విడిగా ఉండే డీఎన్ఏ వలయం, ఉన్న రకాలకే సాధ్యం. ఆంత్రాక్స్ బ్యాక్టీరియాలో విషపు జన్యువులను మోసే ప్లాస్మిడ్‌కు ఇది దగ్గరి చుట్టం. ఇందులోని ‘సెస్’ జన్యువులు ఇచ్చే పెద్ద ఎంజైములు కణంలో ప్రొటీన్లు తయారుచేసే యంత్రమైన రైబోజోముతో పనిలేకుండా ఒక్కొక్క ముక్కనూ అతికించుకుంటూ వెళ్లి, చివరకు పన్నెండు ముక్కల ఉంగరంగా చుడతాయి. ఆ ఉంగరమే వాంతుల విషం, దాని పేరు సీరియులైడ్. 121 డిగ్రీల వేడిలో గంటకు పైగా ఉంచినా అది చెడదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి.

ఇదే బ్యాక్టీరియా విరేచనాలు కలిగించే విషాలను మరో దారిలో చేస్తుంది. వాటి జన్యువులు క్రోమోజోము మీదే ఉంటాయి. కణాలు ఒక చిన్న పెప్టైడును, అంటే పొట్టి ప్రొటీన్ ముక్కను, బయటకు వదులుతాయి. గుంపు పెరిగేకొద్దీ అది తిరిగి కణాల్లోకి చేరి, పీఎల్‌సీఆర్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని, ఆ జన్యువులను మేల్కొలుపుతుంది. ఈ విషాలు ప్రొటీన్లు కాబట్టి వేడికి విరిగిపోతాయి, కానీ మనం మింగిన బ్యాక్టీరియా పేగులోనే వాటిని మళ్లీ తయారుచేయగలదు.

‘మళ్లీ వేడిచేస్తే సరిపోతుంది’ అని మన ఇళ్లలో చెప్పే మాట, అందువల్ల, సగమే నిజం. వేడి మొలకెత్తిన బ్యాక్టీరియాను చంపుతుంది, అప్పటికే అన్నంలో చేరిన సీరియులైడ్‌ను ముట్టుకోలేదు. మందులూ అంతే. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని ప్రయోగశాలే 1948లో ఆరియోమైసిన్ అనే, బ్యాక్టీరియాను అణచే మందును (యాంటీబయాటిక్‌ను) లోకానికిచ్చింది. ఆ కోవలోని ఏ యాంటీబయాటిక్ కూడా తయారైపోయిన విషాన్ని విరిచేది కాదు. అన్నం వడ్డించేదాకా 60 డిగ్రీలకు పైన వేడిగా ఉండాలి, లేదా పలచగా పరిచి త్వరగా చల్లార్చాలి. వందల మందికి వండే చోట గుట్ట పోయడం వంటవాళ్ల అశ్రద్ధ వల్ల జరిగేది కాదు, చోటు చాలకపోవడం వల్ల జరిగేది. వెడల్పాటి పళ్లేలు, పరచడానికి చోటు సమకూర్చాల్సిన బాధ్యత విందు చేసేవారిదే.

విందు తిని వాంతులైనప్పుడు జరిపే పరీక్షల తీరు కూడా మారాలని నా అభిప్రాయం. మళ్లీ వేడిచేసిన అన్నంలో బ్యాక్టీరియా కొద్దిగానే పెరిగిందంటే విషం లేదని తేల్చకూడదు. మిగిలిన అన్నాన్ని పారబోయకుండా ఐసులో పెట్టి ప్రయోగశాలకు పంపాలి. అక్కడ పెరిగిన బ్యాక్టీరియాలో సెస్ జన్యువులు ఉన్నాయో లేవో పీసీఆర్‌తో (డీఎన్ఏ ముక్కను ఎన్నో నకళ్లు చేసి గుర్తించే పరీక్షతో) చూడాలి, అన్నంలో సీరియులైడ్‌ను మాస్ స్పెక్ట్రోమెట్రీతో (అణువులను బరువును బట్టి గుర్తించే పద్ధతితో) నేరుగా వెతకాలి.