ఎర్రబడ్డ ఒంగోలు గిత్త

మా అమ్మాయి నాలుగో తరగతి. నవంబరులో ఒక సోమవారం సాయంత్రం బడి నుంచి వచ్చి, "శుక్రవారానికి మన ప్రాంతం గొప్పదనం చూపించే బొమ్మ చేసుకురమ్మన్నారు. బజారులో ఏమీ కొనకూడదట, ఇంట్లో ఉన్నవాటితోనే చేయాలట" అంది. కొనకూడదు అన్న మాట చెవిన పడగానే నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. ఒంగోలులో పుట్టినవాడికి వేరే ఆలోచన ఎందుకు? గిత్తను చేద్దామన్నాను.

"మా నెల్లూరు ఎద్దునా? చేయండి" అని వంటింట్లోంచి మా ఆవిడ గొంతు.

ఈ తగాదాకు మా పెళ్ళికున్నంత వయసుంది. మన ఒంగోలు జాతి పశువులను తీసుకుపోయిన బ్రెజిల్ వాళ్ళు వాటికి 'నెలోర్' అని పేరు పెట్టుకున్నారు. ఆ మధ్య అక్కడ వియాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ సుమారు 40 కోట్ల రూపాయలని వార్త వస్తే, మా ఆవిడ పుట్టింటికి ఫోను చేసి మరీ చదివి వినిపించింది. "ఆ పశువులు ఓడలెక్కిన కాలంలో మీ ఒంగోలు మా నెల్లూరు జిల్లాలోదే కదండీ" అంటుంది. కాదనలేను. 1904లో గుంటూరు జిల్లాలోకి వెళ్ళాం, 1970లో సొంత జిల్లా తెచ్చుకున్నాం. ఇన్ని ఇళ్ళు మారినవాళ్ళం పేరు దగ్గర గట్టిగా మాట్లాడితే బాగుండదు.

సరే, పని మొదలుపెట్టాను. రెండు గిన్నెల మైదా, ఒక గిన్నె ఉప్పు, ఒక గిన్నె నీళ్ళు. చపాతీ పిండిలా మర్దించి, బొమ్మ చేసి ఎండబెడితే రాయిలా గట్టిపడుతుంది. ఉప్పు మెత్తగా ఉండాలి. మెత్తటి ఉప్పు ప్యాకెట్టు అడుగంటింది కాబట్టి ఊరగాయల కోసం దాచిన రాళ్ళ ఉప్పు తీసి, చేతికందినంత దంచి కలిపాను. గిత్తకు ఒళ్ళంతా అమ్మవారు పోసినట్టు వచ్చింది. కాళ్ళలో చీపురు పుల్లలు దూర్చాను. ఒంగోలు జాతికి కొమ్ములు పొట్టిగా ఉంటాయి కదా అని రెండు లవంగాలు గుచ్చాను. కళ్ళకు మిరియాలు. తోక కుచ్చుకు కాటుక పూసిన కొబ్బరి పీచు. గంగడోలు మాత్రం నా పాత బనియను ముక్క.

బనియను అంటించడానికి జిగురు కావాలి. గరిటెడు మైదాను నాలుగు గరిటెల నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నటి సెగ మీద తిప్పుతూ ఉంటే చిక్కబడి నిగనిగలాడుతుంది. నా చిన్నప్పుడు గోడలకు పోస్టర్లు అంటించేవాళ్ళు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం వేసేవారు. అది విషం, పసిపిల్ల ఉన్న ఇంట్లో వద్దనుకుని బదులుగా పసుపు వేశాను. జిగురులో వేసినవాణ్ణి ఊరుకోవచ్చు. అంతకుముందే, బొమ్మ చేయడానికి పిండి కలిపేటప్పుడు, అందులోనూ రెండు చెంచాలు వేసేశాను. పసుపు ఎవరికి కీడు చేసింది?

మంగళవారం బంగాళాఖాతంలో అల్పపీడనం. మా జిల్లాలో నవంబరు అంటే ఇదే అని నాకు తెలియక కాదు. మూడు రోజులు ఎండ ముఖం చూడలేదు. పిండిలోని ఉప్పు, గాలిలో ఉన్న తేమనంతా పీల్చుకుని, గిత్తకు ధారగా చెమటలు పట్టాయి. బండ లాగుతున్నదానికైనా అంత చెమట పట్టదు. బుధవారానికి మూపురం ఎడమ పక్కకు వాలింది. దోసె పెనం మీద కూర్చోబెట్టి ఆరబెట్టబోతే పొట్ట కింద మాడి, లోపల పచ్చిగానే ఉంది.

గురువారం రాత్రి రంగు వేయాలి. పసుపు పచ్చటి గిత్తను తెల్లగా మార్చాలి, తెల్లరంగు కొనకూడదు. నాన్న తాంబూలం పెట్టెలో సున్నం ఉంది. నీళ్ళలో పలచగా కలిపి, కుంచెతో వీపు మీద ఒక్క పూత వేశాను.

పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో తెలుగువాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. పెళ్ళయి ఇంటికొచ్చిన రోజు గుమ్మంలో నాకూ మా ఆవిడకూ ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది ఆ రెండూ కలిపే. అయినా నా కళ్ళ ముందు గిత్త కుంకుమలా ఎర్రబడుతుంటే, పూత పలచనైందేమోనని రెండో పూత కూడా వేశాను.

"పులుపు తగిలితే మళ్ళీ పసుపు రంగు వస్తుంది" అని గుర్తొచ్చి నిమ్మకాయ పిండాను. పిండిన మేరకు వచ్చింది. ఎర్రటి ఒంటి మీద పచ్చటి చారలు.

నాన్న ఒకప్పుడు బండలాగుడు పందేలకు ఎడ్లను మేపిన మనిషి. ఆ పందేల్లో ఎడ్లను పళ్ళను బట్టి విభాగాలు చేస్తారు. కళ్ళజోడు పెట్టుకుని బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగారు. మూపురం మీద వేలు పెట్టి చూశారు. "ఏ విభాగంలో దించుతున్నావురా? పాల పళ్ళా, రెండు పళ్ళా?" అన్నారు. నేను పలకలేదు. "పులుల విభాగం ఇంకా పెట్టలేదు మరి" అని పడుకోవడానికి వెళ్ళిపోయారు.

శుక్రవారం పొద్దున వాన తెరిపిచ్చింది. అమ్మాయి పళ్ళెం పట్టుకుని స్కూటరు వెనక కూర్చుంది. కర్నూలు రోడ్డులో వాహనాలు ఆగిన చోట ఒక ఆవు తీరిగ్గా మా దగ్గరికి వచ్చి పళ్ళెం వాసన చూసింది. పశువుకు ఉప్పంటే ప్రాణం, కుడితిలో వేసేది అందుకే. నేను "హేయ్" అనేలోపు రెండు నాకుల్లో మూపురం, మూడో నాకులో ఒక లవంగం వెళ్ళిపోయాయి. లవంగం దగ్గర మాత్రం దానికి ఏదో అనుమానం వచ్చి ఆగింది.

బళ్ళో ఏమన్నారని సాయంత్రం అడిగాను. "ఇది ఏ జంతువని టీచరు అడిగారు నాన్నా. అమ్మ వచ్చి చెబుతుందన్నాను" అంది.

మా ఆవిడ ఆ పళ్ళెం అందుకుని, ఒంటి కొమ్ముతో, మూపురం లేకుండా, ఎర్రగా, చారలతో, బనియను వేలాడుతున్న ఆ జీవిని చాలాసేపు చూసింది.

"ఇన్నేళ్ళూ అనవసరంగా వాదించానండీ. ఇది ముమ్మాటికీ మీ ఒంగోలుదే" అంది.