మేకు కొట్టరాదు

భారత రాజ్యాంగం 19వ అధికరణం ప్రతి పౌరుడికీ దేశంలో ఎక్కడైనా నివసించి స్థిరపడే హక్కు ఇచ్చింది. స్థిరపడిన చోట గోడకు మేకు కొట్టుకునే హక్కు గురించి మాత్రం ఒక్క ముక్కా రాయలేదు. ఇంత పెద్ద లోపం ఇన్నేళ్లుగా ఎవరి కంటా పడలేదంటే నమ్మబుద్ధి కావడం లేదు.

నిజాంపేటలో మా పక్క పోర్షన్‌లోకి ఒక కొత్త జంట దిగింది. ఇద్దరూ ఒకే కాలేజీలో బీటెక్. చదువైంది, ఉద్యోగాలొచ్చాయి, పెద్దలు అలిగారు, భోజనాల మెనూ దగ్గర రాజీకొచ్చారు, పెళ్లయింది. ఇంకేముంది, సెటిలైపోయారని బంధువులు తేల్చేశారు. టులెట్ బోర్డుల వెంట ఎండలో తిరిగినవాళ్లకి కదా తెలిసేది, సెటిలవ్వడమంటే ఏమిటో!

ఉద్యోగానికి మూడు రౌండ్లు దాటితే చాలు. ఓనర్ గారి దగ్గర అలా కాదు. ఏ ఊరు, వెజ్జా నాన్‌వెజ్జా, చుట్టాలు ఎక్కువగా వస్తారా, వస్తే స్నానాలు కూడా ఇక్కడే చేస్తారా! చివర్లో గొంతు తగ్గించి, సిలబస్‌లో లేని ప్రశ్న: "మనవాళ్లేనా?"

అన్నీ పాసయ్యాక పదకొండు నెలల అగ్రిమెంటు. ఏడాది దాటే అద్దెకు రిజిస్ట్రేషన్ తప్పదని 1908 నాటి చట్టం అంటుంది. దాని జోలికి పోవడమెందుకని మనవాళ్లు ఏడాదినే పదకొండు నెలలకు కుదించేశారు. ఆ కాగితంలో అన్నిటికంటే లావు అక్షరాల్లో ఉన్న షరతు, గోడలకు మేకులు కొట్టరాదని.

పెళ్లిలో ఆ పిల్లలకు వచ్చిన గోడ గడియారాలు ఏడు.

(లెమన్ సెట్ల లెక్క నేను అడగలేదు. వాళ్ల బాధ వాళ్లది.)

గోడ ఎక్కలేని గోడ గడియారం ఎంత దీనంగా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఒకటి బియ్యం డబ్బా మీద, ఒకటి వాషింగ్ మెషిన్ మీద, మిగతావి మంచం కింద. అంటించే హుక్కులు తెచ్చి ఒకసారి ప్రయత్నించారు. రాత్రి రెండూ ఇరవైకి గడియారం కిందపడింది. అంత కచ్చితంగా టైమెలా తెలుసంటే, ఇప్పటికీ అందులో రెండూ ఇరవయ్యే.

అసలు చిక్కు చుట్టాలతో. వచ్చినవాళ్లు మంచినీళ్లు తాగకముందే నాలుగు గోడలూ చూస్తారు. అందుకని ఆ అమ్మాయి ఎక్సెల్ షీటు పెట్టింది: ఏ గడియారం ఎవరిచ్చారు, ఇప్పుడెక్కడుంది, బ్యాటరీ ఉందా లేదా. ఎవరొస్తున్నారని ఫోనొస్తే వాళ్ల గడియారం ఫ్రిజ్ మీదకెక్కుతుంది. ప్రభుత్వ కార్యాలయాల్లో కూడా ఇంత పకడ్బందీ ప్రోటోకాల్ నేను చూడలేదు.

ఒక ఆదివారం అబ్బాయి మేనత్త ఏలూరు నుంచి, అమ్మాయి పెదనాన్న గుడివాడ నుంచి గంట తేడాలో దిగారు. రెండు గడియారాలూ ఫ్రిజ్ మీద పక్కపక్కన నిలబడ్డాయి. హడావుడిలో టైము సరిచేయలేదు. ఒకటి తొమ్మిదిన్నర అంటే రెండోది నాలుగంటోంది.

"ఏరా, మాది తప్పు చూపిస్తోందేంట్రా?" అంది మేనత్త.

"అది అమెరికా టైము అత్తా. క్లయింట్ కాల్స్ కోసం పెట్టాం."

తన గడియారం అమెరికా దాకా వెళ్లినందుకు ఆవిడ పొంగిపోయి, వెళ్తూ వెళ్తూ ఐదొందలు చేతిలో పెట్టింది.

మొన్న మాఘమాసంలో ఓనర్ గారి అమ్మాయి పెళ్లయింది. మా పక్క పోర్షన్ వాళ్లు ఏమిచ్చి ఉంటారో చెప్పనక్కర్లేదు. రంగు కాగితం చుట్టి ఇద్దరూ ఫొటో దిగి మరీ ఇచ్చారు.

నిన్న గేటు దగ్గర ఓనర్ గారు నన్ను ఆపారు. మొహం ఎర్రబడి ఉంది. "మా అమ్మాయి వాళ్లు కొంపల్లిలో దిగారండీ. పెళ్లి ఫొటో తగిలిద్దామంటే ఆ ఓనరు మేకు కొట్టనివ్వడట! ఎలాంటి మనుషులుంటారండీ!"

"ఘోరమండీ," అన్నాను. నా పదకొండు నెలలు ఈ నెలాఖరుకి అయిపోతున్నాయి.